బ్యాంకాక్‌లో దాచిన అండాలు, నాచారంలో ఉబ్బిన పొట్ట

ఉప్పల్ రింగురోడ్డులో బస్సు దిగుతుంటే తట్టింది, నాకు మూడు నెలలుగా నెలసరి రాలేదని. నాకు పెళ్లి కాలేదు, గర్భం అనుకోవడానికి ఆస్కారమే లేదు. వయసు ముప్పై నాలుగు, నాచారంలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. పని ఒత్తిడి అని సర్దిచెప్పుకోబోయాను గానీ, ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

స్కాన్ చూసి డాక్టరమ్మ తేల్చేసింది. "పీసీఓఎస్. అండాలు సరిగ్గా విడుదల కావట్లేదు. వయసూ పెరుగుతోంది. తొందరగా పెళ్లి చేసుకో." పెళ్లి మెడికల్ షాపులో దొరికే గోలీ అయితే అప్పుడే చీటీ రాయించుకునేదాన్ని. అండాలు తీసి దాచిపెట్టే ఎగ్ ఫ్రీజింగ్ సంగతి అడిగాను. "మా దగ్గర పెళ్లికాని వాళ్లకు చేయం. హస్బెండ్ సంతకం కావాలి" అంది. అండాలు నావట, సంతకం ఎక్కడున్నాడో తెలియని మొగుడిదట! ఆ తెలివికి ఫీజు కూడా కట్టి వచ్చాను.

పిల్లలంటే నాకు ప్రాణం. అలాగని ఎవడో ఒకడి చేత తాళి కట్టించుకోలేను. ఇక్కడ అడిగిన చోటల్లా అదే మాట. వెతికి వెతికి బ్యాంకాక్‌లో ఒక క్లినిక్ పట్టుకున్నాను. అమ్మకు ఒక్కదానికే చెప్పాను. ఆమె వాడకట్టంతా "ఆఫీసు ట్రైనింగు" అని చాటింది.

అక్కడ రోజూ పొట్టకు ఇంజెక్షన్లు నేనే పొడుచుకున్నాను. మత్తిచ్చి అండాలు తీశారు, చాలానే వచ్చాయి. "పీసీఓఎస్ ఉన్నవాళ్ల ఓవరీలు మందుకు ఎక్కువ స్పందిస్తాయి. పొట్ట ఉబ్బినా, యూరిన్ తగ్గినా వెంటనే హాస్పిటల్‌కు వెళ్లి ఈ ట్రీట్‌మెంట్ సంగతి చెప్పు" అని అక్కడి డాక్టర్ హెచ్చరించింది. లీవు అయిపోవడంతో తిరిగొచ్చేశాను.

ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బింది. సల్వార్ బొందు ముడిపడలేదు. తాగిన నీళ్లు కూడా వాంతి అయ్యేవి. పీర్జాదిగూడ నుంచి మా మేనమామ కారు తెచ్చాడు. నాకు సంబంధాలు చూసే కాంట్రాక్టు ఆయనదే, అప్పటికే ఒకటి మాట్లాడుతున్నాడు. దగ్గర్లోని ఆసుపత్రిలో అమ్మ నా చెవిలో గొణిగింది: "మామ ముందట గా ముచ్చట తియ్యకు బిడ్డా. సంబంధం చెడుతది." నేను నోరు తెరిచేలోపే డ్యూటీ డాక్టర్‌తో, "ట్రైనింగుకు పోయొచ్చింది సార్. అక్కడి తిండి పడలే" అంది. ఆయన గ్యాసుకు ఇంజెక్షన్ ఇచ్చి పంపించాడు. వాదించే ఓపిక నాకు లేదు.

తిరుగు దారిలో మామ అద్దంలోంచి నా పొట్ట చూశాడు. "చెల్లే, నిజం జెప్పు. ఎన్నో నెల?"

"ఒట్టన్నా, ట్రైనింగే!" అంది అమ్మ. కూతురు ఊపిరాడక పక్కకు ఒరిగిపోతుంటే కూడా ఆ ట్రైనింగు వదల్లేదు. నాకు అసహ్యం వేసింది.

మర్నాడు పడుకుంటే ఊపిరి అందలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని పట్టుబట్టాను. అక్కడ కూడా అమ్మ "ట్రైనింగుకు..." అని మొదలుపెట్టింది. ఉన్న కాస్త ఊపిరి కూడదీసుకుని అరిచాను. "అమ్మా, నువ్వు బయటికి పో. మామా, నువ్వు గూడ నడువ్!"

తలుపు మూసుకున్నాక డాక్టర్‌కు అంతా చెప్పాను. "ఓవేరియన్ హైపర్‌స్టిమ్యులేషన్. ఆ ఇంజెక్షన్లకు ఓవరీలు ఉబ్బిపోయాయి. పొట్టలో నీరు చేరింది, రక్తం చిక్కబడింది. గడ్డకట్టి ఉంటే ప్రాణం మీదికొచ్చేది. నిన్ననే చెప్పొద్దా?" అని ఆయన కేకలేశాడు. అడ్మిట్ చేసి సూదితో నీరు తీశారు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. తీసిన నీటిని చూసి మామ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "నీళ్లేనట చెల్లే. ఇజ్జత్ దక్కింది!" నేను దక్కానా లేదా అని మాత్రం అడగలేదు. ఆ పెళ్లివారికి నాకు కామెర్లని కబురు పంపాడట.

ఇప్పుడు బాగున్నాను. పీసీఓఎస్‌కు మందులు వాడుతున్నాను, పొద్దున్నే నడుస్తున్నాను, అదే ల్యాబుకు వెళ్తున్నాను. పెళ్లి ఊసు లేదు. అండాలు బ్యాంకాక్‌లో భద్రంగా ఉన్నాయి. మొన్న అమ్మ గొంతు తగ్గించి, "అవి మంచిగున్నయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. పక్కింటావిడ రాగానే మళ్లీ నా ట్రైనింగు గొప్పలు మొదలుపెట్టింది.

ఈ చికిత్సకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. తిరిగొచ్చాక ఒంట్లో ఏ తేడా వచ్చినా వెంట వచ్చిన చుట్టాలను ముందు గది బయట కూర్చోబెట్టండి, డాక్టర్‌కు మీ నోటితో మీరే చెప్పండి. బతికి బయటపడితే సిగ్గుపడటానికి బోలెడంత టైముంటుంది.