నేలమాళిగలో ఆమె గొంతు

మా అంతస్తులో ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. నలభై ఆరేళ్ల మనిషి, పాతికేళ్ల పిల్లల మధ్య కూర్చుని రోజుకు ఎనిమిది గంటలు తుపాకీ పేల్చేవాడు. తెరమీది తుపాకీయే లెండి. కొత్త వీడియో గేమ్ బజారులోకి వచ్చే లోపు దాన్ని ఆడి ఆడి, ఎక్కడ ఆగిపోతోందో, ఏ సైనికుడు గోడలోంచి దూరిపోతున్నాడో పట్టుకోవడం మా పని. "హాయిగా ఆటలాడుకుంటారా?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జట్టుకు నేనే పెద్దని. ఎవరు ఏం పరీక్షించారో చూసి సంతకం పెట్టేది నేనే.

ఆ ఆటలో ఒక ఊరు తగలబడుతూ ఉంటుంది. అంతా మన కళ్లతోనే చూస్తాం. ఎదురుగా తుపాకీ గొట్టం, చెవుల్లో మన ఊపిరే. ఏడో ఘట్టంలో నేలమాళిగ మెట్లు దిగితే మూల ఒక ఆడమనిషి, ఒళ్లో బిడ్డ, పక్కన శత్రువుల వైర్‌లెస్ సెట్టు. ఆమె గూఢచారో కాదో చెప్పరు. కాలిస్తే ఒక అరుపు, వెంటనే దారి తెరుచుకుంటుంది. తుపాకీ దించితే ఆమె బిడ్డకు నాలుగు నిమిషాలు కథ చెబుతుంది. ఆ ఆలస్యానికి పైన మనవాళ్లు ఇద్దరు చచ్చిపోతారు. ఏది చేసినా మనసు పాడవుతుంది.

ఆ గొంతు బాబాయ్ భార్యది. ఆవిడ డబ్బింగ్ చెప్పేది. రాసిచ్చిన మాటలు చప్పగా ఉన్నాయని, ఇంట్లో తన పాపకు చెప్పే కథే మైకు ముందు చెప్పేసింది. చొక్కా జేబులో దారి తప్పిన చీమ కథ. ఆ తర్వాత నాలుగు నెలలకు గొంతులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పుడు పాపకు రెండేళ్లు, ఇప్పుడు ఐదు. అమ్మ మాట ఎలా ఉండేదో దానికి గుర్తులేదు.

"ఫోన్లో వీడియోలు లేవా బాబాయ్?" అని అడిగాను.

"బోలెడున్నాయమ్మా. అన్నీ తీసింది తనే. ‘ఇటు చూడు, ఇటు చూడు’ అంటుంది, అంతే. ఇక్కడ రికార్డు చేద్దామంటే ఫోన్లు లోపలికి రానివ్వరాయె. ఆట విడుదలయ్యాక పాపను కూర్చోబెట్టి ఆ ఒక్క గది చూపిస్తాను. తుపాకీ దించేసి" అన్నాడు.

ఆటకు మార్పులు చేసి కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడల్లా ఆ ఘట్టాన్ని ముప్ఫైసార్లు ఆడాలి. పదిహేనుసార్లు కాల్చి, పదిహేనుసార్లు వదిలేసి. ఆ గది నాకిమ్మని బాబాయ్ అడిగి తీసుకున్నాడు. రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చీమ కథ వింటూ తనలో తాను నవ్వుకునేవాడు. కాల్చినవీ సరే, వదిలినవీ సరే అని రాసిచ్చేవాడు. నేను సంతకం పెట్టేదాన్ని.

విడుదలకు మూడు రోజుల ముందు మా సంస్థ పెద్దాయన ఆటను నలుగురికి చూపిస్తూ, కథ వినే ఓపిక లేక మధ్యలో కాల్చాడు. తెర బిగుసుకుపోయింది. అరుపు మాత్రం ఆగలేదు. ఎవరో వెళ్లి స్విచ్ కట్టేసేదాకా అరుస్తూనే ఉంది.

"ఎన్నిసార్లు కాల్చారు బాబాయ్? నిజం చెప్పండి."

ఆయన తల దించుకున్నాడు. "ఒక్కసారి కూడా కాల్చలేదమ్మా. నావల్ల కాలేదు."

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతుంటే నాకే ఏడుపొచ్చింది. తప్పు ఏ క్షణంలో వస్తోందో సాయంత్రం నాలుగులోపు తేలాలి, లేకపోతే కథ తీసెయ్యమని పెద్దాయన హుకుం. బాబాయ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మొదట కళ్లు మూసుకుని నొక్కాడు.

"గురి తప్పుతోంది బాబాయ్. చూసి కాల్చాలి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చూసి కాల్చాడు. కథ మొదట్లో ఒకసారి, రెండో మాట దగ్గర ఒకసారి, మూడో మాట దగ్గర ఒకసారి. అరవైమూడోసారికి దొరికింది. చీమ బొత్తం కన్నంలోంచి తొంగిచూసినప్పుడు ఆమె చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వులో కాలిస్తే ఆట ఆగిపోతోంది. బాబాయ్ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. "దొరికింది, ఇక కథ ఉంటుంది కదూ?" అని అందరి మొహాలూ చూశాడు.

ప్రోగ్రామర్ వచ్చి చూసి, బాగుచెయ్యడానికి వారం పడుతుందన్నాడు. వారం మాకెక్కడిది? కథ తీసేశారు. ఇప్పుడు తుపాకీ దించితే ఆమె ఊరికే చూస్తుంది. కాలిస్తే అరుస్తుంది.

"అయితే ఆ అరుపు కూడా తీసెయ్యమను తల్లీ. మొత్తం తీసెయ్యమను" అని బాబాయ్ నన్ను బతిమాలాడు. వెళ్లి అడిగాను.

"అరుపు అద్భుతంగా వచ్చింది కదా, అదెందుకు తియ్యడం?" అన్నాడు పెద్దాయన. పోనీ కథ ఉన్న రికార్డింగ్ ఇవ్వమంటే, సంస్థ ఆస్తి బయటికి పోదన్నాడు.

సౌండు గదిలో పనిచేసే నా స్నేహితురాలు నన్ను పక్కకు పిలిచింది. "భోజనాలప్పుడు తలుపు తీసే ఉంచుతాను. కంప్యూటర్ కూడా ఆన్‌లోనే ఉంటుంది. ఆ పైన నీ ఇష్టం" అంది.

పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని ఆ తలుపు దాకా వెళ్లాను. లోపల ఎవరూ లేరు. దొరికితే నా ఉద్యోగం పోతుందని నిలబడ్డాను, నిలబడి వెనక్కి వచ్చేశాను. మర్నాటి నుంచి ఆ గదికి కొత్త తాళం.

విడుదల రోజు మా అందరికీ ఆట ఉన్న పెట్టె తలొకటి ఇచ్చారు. బాబాయ్ తనది తెచ్చి నా బల్లమీద పెట్టేశాడు.

"ఇది ఇంట్లో ఉండకూడదమ్మా. పాప రోజూ అడుగుతోంది, ఆట ఆగిపోయిందని చెబుతాను. ఆ రికార్డింగ్ సంగతి ఏమైనా...?"

"సౌండు గదికి కూడా వెళ్లాను బాబాయ్. తాళం వేసి ఉంది" అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పోనీలే తల్లీ. మాకోసం నువ్వొక్కదానివైనా వెళ్లావు" అన్నాడు.