చిన్నాయన ఎంచిన హీట్‌సింక్

పోయిన మంగళవారం పొద్దున తిరుపతి నుంచి పిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన లేడు పాపా" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత తెలిసింది. ఫోన్ చేతిలో పట్టుకుని కంప్యూటర్ ముందు అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆయనకు నేను చెప్పుకోవాల్సిన క్షమాపణ ఒకటి ఉంది. ఇక ఎవరికి చెప్పను?

చిన్నాయన మా నాయన తమ్ముడు. తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకు ఇంట్లోనే కంప్యూటర్లు బిగించి ఇచ్చేవాడు. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "పెట్టె యాడ పెడతావు?" ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగి బయటికి పంపే రెక్కల దిమ్మె ఒకటి ఉంటుంది, హీట్‌సింక్ అంటారు. దాన్ని ఎంచడంలో ఆయనకున్నంత చాదస్తం పెళ్లిసంబంధాలు చూసేవాళ్లకు కూడా ఉండదు. ఏర్పేడు నుంచి వచ్చినాయనది మిద్దె మీద రేకుల గది అని తెలిసి, తానే బస్సెక్కి పోయి, మిట్టమధ్యాహ్నం ఆ గదిలో అరగంట కూర్చుని వచ్చాడు. ఆ ఏర్పేడాయనకు మాత్రం ఉన్నవాటిలో పెద్దదే పెట్టాడు. "అట్టపెట్టె మీది అంకెలు ఏసీ గదిలో కూసోని రాసినారు. మనం ఆడ బతకడంల్యా" అనేవాడు.

అలాంటి మనిషి సొంత చిన్నాయనై ఉండగా, అడక్కుండా నేను సొంతంగా ఒకటి కొన్నాను.

మాది నగరి. మరమగ్గాల చీరలకు అంచులు, పల్లూలు కంప్యూటర్లో గీసి ఇవ్వడం నా పని. మగ్గాల షెడ్డులోనే ఒక మూల చెక్కపలకలు అడ్డం కట్టుకుని కూర్చుంటాను. పోయిన ఎండాకాలం మొదట్లో పాత హీట్‌సింక్ పాడైతే, ఆన్‌లైన్లో అన్నిటికంటే ఎత్తైనది, రెక్కలు పేలదువ్వెన పళ్లలా ఒత్తుగా ఉన్నది తెప్పించాను. ఎంత పెద్దదైతే అంత చల్లన అనుకున్నాను. తీరా బిగించాక పెట్టె పక్క తలుపు మూసుకోలేదు. నేతింటి కోడలిని, గుడ్డకేం కొదవ? తలుపు పక్కన పెట్టి, మెత్తటి నూలుగుడ్డ రెండు మడతలు కప్పాను. మా ఇళ్లలో విలువైన వస్తువుకు చేసే మొదటి మర్యాద అదే.

రెండు నెలలు తిరక్కముందే కంప్యూటర్ పని మధ్యలో ఆరిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు సాయంత్రం ఐదింటికి కొత్త పల్లూ ఫైలు వ్యాపారి మనిషి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ పని పక్క వీధికి పోతుంది, మా ఆరు మగ్గాలూ ఖాళీగా నిలబడతాయి. మధ్యాహ్నానికి నాలుగుసార్లు ఆరింది. కరెంటు ఎగుడుదిగుడేమోనని మా మామగారు మగ్గాలన్నీ ఆపించి, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

నా ఫోనుకు చిన్నాయన ఉన్నపళంగా బస్సెక్కి రెండున్నరకు దిగాడు. వస్తూనే గుడ్డ తీశాడు. రెక్కల మధ్య వేలితో గోకితే దుప్పటి ముక్కలా పొర ఊడి వచ్చింది.

"సూడు పాపా, మగ్గాల్లోంచి లేసే గంజి పట్టిన నూగు. ఊదితే పొయ్యేది కాదిది" అన్నాడు. సంచిలోంచి ఇంకో హీట్‌సింక్ తీశాడు. పొట్టిగా, మందపాటి రెక్కలతో, రెక్కకూ రెక్కకూ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందుతో ఉంది.

"మార్చొద్దు చిన్నాయనా. తుడిసి దాన్నే పెట్టు. ఈ పొద్దు గట్టెక్కితే సాలు."

"ఈ పొద్దుకి సరే. నెలకి మళ్లా ఇదే కత. నీ ప్రాసెసర్ పుట్టిచ్చే వేడి అరవై అయిదు వాట్లు. ఇది తొంభై అయిదు దాకా మోస్తాది. తలుపూ మూసుకుంటాది. ఇంకేం కావల్ల?"

"అంత పొట్టిది యాడ సాలుతాది?"

"వేడిని ఎవురూ సంపలేరు పాపా. పొయ్యే దారి మూయకుంటే అదే పోతాది."

గోడ గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మామగారి ముందే అనేశాను: "నీకు తెలిసిన కాలం అయిపోయింది చిన్నాయనా. ఇప్పుడొచ్చేవి నీకు తెలీవు."

మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ మాట షెడ్డంతా వినబడింది. చిన్నాయన నా మొహం వంక చూడలేదు. "ముప్పావుగంట ఇయ్యి" అని మాత్రం అన్నాడు.

పాతది ఊడదీసి, ప్రాసెసర్ మీద ఎండిన, వేడిని దిమ్మెకు అందించే పేస్టును స్పిరిట్ గుడ్డతో తుడిచాడు. బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టాడు. నాలుగు మరలనూ మూలకు మూల, కొంచెం కొంచెంగా బిగిస్తున్నాడు. మూడో మర చేతిలోంచి జారి లోపల పడిపోయింది. ఆయన చేతిలోంచి మర జారడం నేను చూడటం అదే మొదలు. వయసుకు జారిందో నా మాటకు జారిందో ఇప్పటికీ తెలియదు. టార్చి వేసి వెతికి, పట్టకారుతో మరను తీసి, మళ్లీ మొదటి మూల నుంచి బిగించుకుంటూ వచ్చాడు. పక్క తలుపు మూశాడు. "కూసో" అన్నాడు.

తెర మూల వేడి అంకె కనిపిస్తోంది; అది నూరు దగ్గర పడితే పెట్టె ఆరిపోతుంది. అరవై. డెబ్బై. డెబ్బై ఏడు. నేను పువ్వు గీస్తున్నానన్న మాటే గానీ కళ్లన్నీ ఆ అంకె మీదే. ఎనభై ఒకటి దగ్గర నా చెయ్యి ఆగింది. "నువ్వు గియ్యి, అది నేను సూసుకుంటా" అన్నాడు. ఎనభై. మళ్లీ ఎనభై. అక్కడే నిలబడింది.

ఐదింటికి ఐదు నిమిషాలు ఉందనగా ఫైలు పెన్‌డ్రైవులో పడింది. వ్యాపారి మనిషి తీసుకుని వెళ్లాడు. మామగారు మగ్గాలు వేయించారు. ఆరు మగ్గాలూ ఒక్కసారిగా అందుకునేసరికి నేల అదిరింది.

చిన్నాయన లేవలేదు. పెట్టె వెనక గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అంకెను చూస్తూ కూర్చున్నాడు. పక్కకు వెళ్లి, "తప్పు మాట అన్నాను చిన్నాయనా" అన్నాను.

"ఏమంటివి పాపా?" అన్నట్టు మగ్గాల మోతలో పెదవులు కదిలాయి. రెండో చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఇంకాస్త వంగి చెవిలో చెప్పి ఉండాల్సింది. మామగారు చూస్తున్నారు. "అన్నం తిందువు రా" అని చేత్తో సైగ చేశాను.

ఆయన నవ్వి, కాసేపు ఆగమన్నట్టు వేలు చూపించి, మళ్లీ అంకె వైపు తిరిగాడు. అరచెయ్యి ఆ వేడిగాలిలోనే ఉంది.