గువ్వ మీద పెట్టిన పాట

నా చిన్నప్పుడు పక్కింటి అక్కతో నేను ఆడిన ఆఖరి మాటలు ఇవి. నన్ను అత్తగారింటికి తీసుకుపోయే బండి వాకిట్లో ఆగి ఉంది. ఆమె గోడ పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపా, ఒక్క మాట మాట్లాడి పో. ఇంగ యెప్పుడు సూస్తానో యేమో" అంది. నేను బండిలో నుంచే అన్నాను: "నీతో మాట్లాడనీకి నా తావ మాటలు యేమీ మిగల్లేదుక్కా. అన్నీ నువ్వే ఎత్తకపోతివి గదా." బండి కదిలింది. అప్పటికి నాకు పదమూడేళ్లు. మళ్లీ ఆమెను చూడలేదు.

ఆ మాట అన్నందుకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాలుక కరుచుకోలేదు. నువ్వు నా తమ్ముడి బిడ్డవు, బడికి పోయి అక్షరాలు నేర్చినదానివి. పాట రాసుకుంటాను చెప్పత్తా అని కాగితం పెట్టుకుని కూర్చున్నావు. పాట తర్వాత. అది ఎందుకు పుట్టిందో ముందు రాయి. యుద్ధం పేరు చెప్పి నూనె రాకుండా పోయి పిండిమర ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. లేకుంటే మూలన పడిన విసుర్రాయి మళ్లీ వసారాలోకి వచ్చేదీ కాదు, నువ్వు నా ఎదురుగా కూర్చునేదానివీ కాదు.

ఈ ఊరు అప్పుడూ ఇంతే. వేంపల్లె పోవాలంటే కాలినడక. పాపాఘ్ని ఏట్లో నీళ్లకంటే ఇసుక ఎక్కువ. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ జ్వరమొచ్చి పోయింది. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆడమనిషి పోతే ఆమె కట్టి విడిచిన చీరలన్నీ చాకలికి ఇచ్చేయాలి. ఒక్క గుడ్డ పేలిక కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. ఉంచుకుంటే పోయినామె దానికోసం తిరిగి వస్తుందని భయం. నాకు ఆ భయం లేదు. వస్తే మంచిదే కదా అనుకున్నాను. మూట కట్టేటప్పుడు ఒక చీర లాగి దాచాను. పచ్చ అంచు ఉన్న ఎర్ర చీర. మూలన కుండల దొంతి ఉండేది, అన్నీ ఖాళీ కుండలే. పై కుండలు ఒక్కొక్కటి దించి, అడుగు కుండలో పెట్టి, మళ్లీ పేర్చాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దించి మొహానికి ఆనించుకునేదాన్ని. కట్టెల పొగ, ఆముదం, జొన్నపిండి. మా అమ్మ అంటే నాకు ఇప్పటికీ ఆ వాసనే. మొహం గుర్తులేదు.

ఏడు తిరక్కముందే మా నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చిన్నమ్మ చెడ్డది కాదు. పదహారేళ్లది. నాకు తల దువ్వేది, సంగటిలో ఇంత ఎక్కువ మజ్జిగ పోసేది. కానీ ఆమెను అమ్మా అని పిలవమన్నారు. ఆ పిలుపు తప్పించుకోవడానికి ఎదురుగా పోయి నిలబడి మాట్లాడేదాన్ని.

విసుర్రాయికి ఇద్దరు కావాలి. ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకోవాలి, ఒకరు తోస్తే ఒకరు లాగాలి. మా జేజికి, అంటే నాయన తల్లికి, భుజం పట్టేసింది. చిన్నమ్మ నీళ్లోసుకుంది. అందుకని పక్కింటి అక్కా నేనూ ఒకరోజు వాళ్ల జొన్నలు, ఒకరోజు మా జొన్నలు విసిరేవాళ్లం. మగవాళ్లు చేలల్లో ఉండే మధ్యాహ్నం వేళ. అక్కకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మగడు కోలారు గనుల్లో పనికి పోయి రెండేళ్లయినా రాలేదు. ఆ తప్పు కూడా ఈమెదే అని అత్త పొద్దస్తమానం సాధించేది. ఆ సాధింపంతా ఆమె పాట చేసి రాయి దగ్గర పాడేది.

"మా అత్త నోరమ్మ మూతలేని కుండా, పోసినా నిండదూ, వంచినా తరగదూ" అని ఆమె అందుకుంటే నేను నవ్వాపుకోలేక పిడి వదిలేసేదాన్ని.

"నవ్వకు మే, మా యత్తకు పాము చెవులు" అనేది. మళ్లీ తనే నవ్వేది. పిండి ఎత్తి లేచేటప్పటికి ఆమె మొహం కడుక్కున్నట్టు తేటగా ఉండేది.

నేను ఊరికే వంత పాడుతుంటే ఒకరోజు అడిగింది: "నీ కడుపులో యేమీ లేదా పాపా? మాట కడుపులోనే పెట్టుకుంటే పులిసిపోతాది. రాయికి చెప్పు. రాయి యెవురికీ చెప్పదు."

పాడాను. మొదట చిన్నమ్మను అమ్మా అనలేకపోవడం పాడాను. మర్నాడు ఎర్ర చీర పాడాను, దొంతి పాడాను, అడుగు కుండ పాడాను. పాట అంటే పాట కాదు, ఏడుపుకు రాగం. అక్క రాయి ఆపి నా తల తన ఒళ్లో పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దుక్కా అంటే, పిండి చేతిని రాయి మీద పెట్టి, "ఈ రాయి మింద ఒట్టు" అంది. ఆ మధ్యాహ్నం నేను హాయిగా నిద్రపోయాను. అమ్మ పోయినాక అంత నిద్ర అదే మొదలు.

తర్వాత చిన్నమ్మకు మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డే మీ నాయన. పుట్టిన పదో రోజు నుంచి ఒళ్లు కాలిపోయేది. రొమ్ము పట్టేవాడు కాదు. చిన్నమ్మకు కలలో ఎవరో ఉయ్యాల తొట్టి దగ్గర నిలబడినట్టు కనబడేదట. సోది చెప్పే ఆమెను పిలిచారు. ఆమె జొన్నలు చేటలో వేసి తిప్పి, "పోయినామె గుడ్డ ఈ యింట్లోనే ఉండాది" అంది. ఇల్లంతా దులిపారు, ఖాళీ కుండలే కదా అని దొంతి మాత్రం దించలేదు. నన్ను ఎవరూ అడగలేదు. చిన్నపిల్లను అడగాలని ఎవరికీ తోచలేదు. నేను దొంతి వైపు చూడకుండా ఉండటానికి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అక్క కూడా అక్కడే ఉంది, బిడ్డను ఎత్తుకుని. ఆమె నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే.

మర్నాడు పొద్దున్నే నేను ఏట్లో చెలమ దగ్గర కూర్చుని చిప్పతో కుండలోకి నీళ్లు తోడుతున్నాను. మా నాయన గట్టు దిగి ఇసుకలోకి వచ్చాడు. చేతిలో పొడుగు కర్ర. కర్ర చివర ఎర్రగా ఏదో వేలాడుతోంది. చేత్తో పట్టుకుంటే దోషమని కర్రతో తెచ్చాడు. అది నాకు అర్థమయ్యేలోపల ముళ్ల కంప పోగేసి అంటించాడు. కుండ తన్నుకుని పరుగెత్తాను. కుండ పగిలింది. నాయన నన్ను కొట్టలేదు. రెండు చేతులూ పట్టుకుని ఆపి, "పోనీ పాపా. బిడ్డ బతకల్ల" అన్నాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడు. పచ్చ అంచు ఆఖరున కాలింది. ఆ పొగలో ఆముదం వాసన లేదు. ఏమీ లేదు. గుడ్డ కాలిన వాసనే.

ఇంటికొస్తే కుండలన్నీ వరసగా నేల మీద ఉన్నాయి. అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు. అడగవలసిన పని లేకపోయింది. అడుగు కుండ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. రాయి ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పింది.

ఆ సాయంత్రానికి మీ నాయన పాలు తాగాడు. మూడు రోజులకు ఒళ్లు చల్లబడింది. చీర కాల్చినందుకో, జ్వరం దానంతట అదే దిగిందో, నేను చెప్పలేను. ఊరంతా అక్కను మెచ్చుకున్నారు. చిన్నమ్మ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుని, "నా బిడ్డను నిలిపితివి తల్లీ" అంది. ఆమె అత్త కూడా ఆ పూట పల్లెత్తు మాట అనలేదు. నేను పక్కనే చేట పట్టుకుని నిలబడి అదంతా చూశాను.

మంచికే చెప్పింది కదా అంటావు. అందరూ అదే అన్నారు. నేనూ కాదనను. పసిబిడ్డ కంటే చీర ఎక్కువా? కానీ ఆమె ఒక్క అడుగు నా దగ్గరికి వచ్చి, "పాపా, తమ్ముడు పోయేటట్టున్నాడు, తీసి ఇయ్యి" అంటే నేను ఇచ్చేదాన్ని. నా చేత్తో నేనే తీసి, ఆఖరుసారి మొహానికి ఆనించుకుని ఇచ్చేదాన్ని. నన్ను ఇవ్వనివ్వలేదు. నా నుంచి దొంగదాని దగ్గర లాక్కున్నట్టు లాక్కున్నారు. ఎనిమిదేళ్లకు అమ్మ పోయింది. పదేళ్లకు మళ్లీ పోయింది. రెండోసారి పోయినప్పుడు దారి చూపించింది ఆమె.

నేను మాట మానేశాను. రాయి దగ్గరికి పోవడం మానేశాను. పిలిస్తే పలకడం లేదని చిన్నమ్మ భయపడింది, నాయన బెదిరించాడు. జేజి మాత్రం ఒక మధ్యాహ్నం తనే రాయి ముందు కూర్చుని, మంచి చేత్తో ఒంటరిగా తిప్పుతూ పాట ఎత్తుకుంది.

"గువ్వమ్మ దాచిందీ గూటిలో యేమీ? జొన్నలూ దాచిందీ గూటిలో గువ్వా."

మర్నాడూ అదే పాట. ఆ మర్నాడూ అదే. నేను స్తంభానికి ఆనుకుని వింటున్నాను. ఒంటి చేత్తో తిప్పితే రాయి గరగరమంటూ కుంటుతుంది. మూడో రోజు నా నోట్లో నుంచి దానంతట అదే వచ్చింది.

"జొన్నలు కాదు."

జేజి రాయి ఆపలేదు. "మరి సజ్జలా?"

"సజ్జలు కాదు. యీక."

"యాడి యీక మే? గువ్వలకు యీకలు కరువా?"

"వాల్లమ్మది."

జేజి పిడి మీద తన చేయి పక్కకు జరిపి, ఇంకో చేయి పట్టేంత చోటు వదిలింది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం కట్టుకున్న పాట ఇది, ఇక్కడ రాసుకో:

గువ్వమ్మ దాచిందీ గూటిలో యేమీ?
తల్లి రాల్చిన యీక తలకింద దాచే.
గోరింక చెలికత్తె కొమ్మపై కూచే,
ఊరంత చాటిందీ ఉన్న గుట్టంతా.

గోరింక అన్న చోట నేను మొదట అక్క పేరే పెట్టాను. అప్పుడు జేజి రాయి ఆపింది.

"పేరు పెట్టొద్దు పాపా. పేరు పెడితే అది కొట్లాట అయితాది. యెవురో ఒకరు ఆ మాట మోసకపోతారు. గోరింక మింద పెట్టు. మోసకపోయినా గోరింకనే గదా మోసకపోయేది."

"అట్లయితే నాకు బరువు తగ్గతాదా జేజీ?"

"నా పాటలో దొంగ కాకి ఉండాది సూడు, సంగటి గట్టిదంటాది, పులుసు పల్చనంటాది. ఆ కాకి యెవురనుకుంటివి? మీ తాత. ముప్పై యేండ్లు ఆయప్ప ముందరే పాడితి. ఆయప్ప తల ఊపుకుంటా, మంచి పాటే, ఇంగోసారి పాడు అనేటోడు."

నవ్వకూడదని పళ్లు బిగబట్టాను. కుదరలేదు. నవ్వుతూనే ఏడ్చాను. జేజి జొన్నలు గుప్పెడు తీసి రాయి గుంతలో పోసి, మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

తర్వాత చిన్నమ్మ కూడా పురిటి నుంచి లేచి నా ఎదుట పిడి పట్టుకుంది. నేను గువ్వ పాట పాడితే కళ్లు తుడుచుకుని, "పాపం ఆ గువ్వ! యెవురు నేర్పిరి ఈ పాట? శానా బాగుండాది" అంది. జేజి నా వైపు చూడకుండా చేట దులిపింది. కానీ గోడకు అవతల విన్నామె ఒకతె ఉంది. ఆమెకు గోరింక ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆమె మా రాయి దగ్గరికి రాలేదు. రాకపోతే నాకేం, అనుకున్నాను. అనుకుంటూనే రోజూ మధ్యాహ్నం గోడ వైపు చెవి పెట్టేదాన్ని, ఆమె కూడా పాడుతుందేమోనని. పాడలేదు. నన్ను బండి ఎక్కించే దాకా ఆ గోడ పక్కన పాట వినబడలేదు. నేను పోయిన ఏడాదికి మగడు వచ్చి ఆమెను కోలారు తీసుకుపోయాడట. మీ నాయన పెళ్లికి కబురు పంపారు. ఆమె కాలం చేసిందని తిరుగు కబురు వచ్చింది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు మగడు పోయాడు. బొట్టు తీసేసి పుట్టింటికి తెచ్చి దించారు. అప్పటి నుంచి ఈ వసారాలో ఎన్ని పిట్టలను పాడానో లెక్కలేదు. మా అత్తగారిని గుడ్లగూబ చేశాను. మీ నాయన మీద కోపమొస్తే ఆయన్ను కోడిపుంజు చేశాను, అది మీ నాయనకు చెప్పకు. ఈ ఊళ్లో నా పాటల్లో లేని మనిషి లేడు, ఒక్కరికీ తెలియదు. మనసు నొప్పికి వైద్యుడు లేని చోట ఆ పాటే నన్ను నిలిపింది. జేజి ఆ రోజు నా చేతికిచ్చింది అది. పక్కింటి అక్క ఇచ్చింది కూడా నా దగ్గరే ఉంది. ఎదుట ఎవరు కూర్చుని పిడి పట్టుకున్నా, ఈమె ఎవరికి చెబుతుందో అని ముందుగా చూసుకోవడం. అది ఇంతవరకూ వదల్లేదు.

నలభై ఏళ్లుగా గువ్వ మీద పెట్టి పాడినదాన్ని, ఈ రోజు గువ్వను పక్కన పెట్టి నీకు చెప్పాను. ఎవరి జ్వరం కోసం మా అమ్మ చీర కాలిందో, ఆయన బిడ్డవే నువ్వు. ఆమె కూర్చున్న చోటే కూర్చున్నావు. నాకు వచ్చింది నా పేరులో మూడు అక్షరాలు. నువ్వు గీసిన గీతల్లో నా మాటలు ఉన్నాయో, నీ మాటలు ఉన్నాయో నాకేం తెలుస్తుంది? కాగితం అట్లా మడత పెట్టకు. ఇట్లా జరుగు. మొదటి నుంచి చదువు, నేను వింటాను.