జీడినూనె పోసిన బోల్టు

అరవైల చివరికి ఉద్దానంలో మా కుటుంబానికి మిగిలిన గౌరవం తాతగారు కొన్న కారొక్కటే. జీడితోటలు ఒక్కొక్కటే పరాయి చేతుల్లోకి పోయాయి. అయినా అమ్మవారి సంబరం నాడు డప్పులు మా గేటు ముందు ఆగేవి. కారు బయటికి వచ్చి ముందు నడిస్తే తప్ప ఊరేగింపు కదిలేది కాదు. గుడి దగ్గర తొలి కొబ్బరికాయ నాన్నగారే కొట్టాలి. కారు రాకపోతే ఆ కాయ మా వెనక జీపులో వచ్చేవాడిదని ఊరి పెద్దలు ఆ ఏడాది ముందుగానే తీర్మానించారు. వెనక వచ్చేవాడు మా తోటకు కాపలా కాసినవాడి కొడుకు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాడు.

సరిగ్గా సంబరం ముందే కారు ముందు కమాను విరిగింది. ముందు చక్రాలు మోసే ఉక్కు పట్టీల కట్ట అది. టెక్కలి నుంచి లారీల మెకానిక్కు వచ్చాడు. షెడ్డులో కారును రాళ్ళమీదికి ఎత్తి చక్రాలు విప్పాడు. కొత్త కమాను సిద్ధంగా ఉంది, పాతది ఊడాలి. మిగతా బోల్టులు మూలుగుతూనే వచ్చాయి. ఒక్కటి మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఇరుసుతో కలిసిపోయి కూర్చుంది. పానాకు పైపు తొడిగి, మెకానిక్కూ నేనూ వేలాడినా కదల్లేదు.

కోటబొమ్మాళి నుంచి వచ్చిన మా బావ అరుగుమీద చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు.

"మావా, మూలపేటలో పడవలకి జీడినూనే కదా పూత్తారు. ఉప్పునీళ్ళలో నానినా మేకులకి తుప్పు నేదు. ఆ నూనె పోయించు, తుప్పే దిగొచ్చి దండం పెడతాది."

జీడిగింజ పెంకులోంచి దిగే ఆ నల్లటి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మనిషి తోలు తినేది తుప్పును తినకుండా ఉంటుందా అన్నారు నాన్నగారు. మెకానిక్కు కూడా తలూపాడు. ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా అదే మాట చెప్పి ఉండేవారు. నూనె పోసి ఒక రాత్రి నాననిచ్చారు. పొద్దున్నే బ్లోల్యాంపు వెలిగించి బోల్టును కాల్చారు.

నల్లటి పొగ లేచింది. కళ్ళు మండి అందరం బయటికి పరుగెత్తాం. తిరిగి వచ్చేసరికి బోల్టు మరల సందుల్లోకి దిగిన నూనె ఉడికి, లక్కలా గట్టిపడి ఉంది. నిన్నటిదాకా తుప్పుతోనే పోరు. ఇప్పుడు తుప్పుకు బంక తోడైంది. మెకానిక్కు రెండు చేతులూ మోచేతులదాకా పొంగిపోయాయి.

"బాబూ, బొబ్బలెక్కిపోనాయి. పానా పట్టనేకపోతన్నాను. రేపొత్తాను," అన్నాడు.

రేపే సంబరం. నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు.

"బొబ్బలు నీ సేతులకా, బోల్టుకా? బోల్టు సంగతి సెప్పు."

బావ పకపకా నవ్వాడు. "మావ అడిగిందానికి జవాబు సెప్పరా!"

మెకానిక్కు చేతులకు గుడ్డ చుట్టుకున్నాడు. ఒక చేత్తో ఉలి బోల్టుకు ఆనించి, రెండో చేత్తో పెద్ద సుత్తి ఎత్తి కొట్టాడు. గుడ్డ తడిసింది. మళ్ళీ కొట్టాడు. చివరి దెబ్బ బోల్టుమీద పడలేదు, బోల్టును పట్టుకున్న పోత ఇనుప చెవిమీద పడింది. అది పెళుక్కున విరిగి నేలమీద దొర్లింది. కొత్త కమాను బిగించాల్సిందీ ఆ చెవికే.

"బోల్టు సంగతి అడిగేరు కదా బాబూ. ఇంక ఊడదియ్యడానికేటీ నేదు," అని సామాన్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గురి తప్పిందని ఇంట్లో వాళ్ళన్నారు. నేను పక్కనే ఉన్నాను. తప్పలేదు.

మర్నాడు నాన్నగారు పట్టుపంచె కట్టి, కండువా వేసుకుని, కొబ్బరికాయతో కారు వెనక సీట్లో కూర్చున్నారు. కారు రాళ్ళమీదే ఉంది. నన్ను ముందు కూర్చోమన్నారు. కూర్చున్నాను.

డప్పులు గేటు ముందు ఆగాయి.

"హారన్ కొట్టు. మనం లోపలున్నామని తెలియాలి."

కొట్టాను. బయట ఎవరో నోటితో "పాం, పాం" అన్నారు. గుంపంతా నవ్వింది. ఆడవాళ్ళు కూడా. డప్పులు మళ్ళీ అందుకుని ముందుకు సాగాయి.

బావ షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. "మావా, ఫ్యాక్టరీ ఆయన జీపులో నిన్నూ ఎక్కించుకుంటాడట. ఎనక సోటుందంట."

నాన్నగారు తల తిప్పలేదు. నేను తలుపు తెరిచి కాలు కింద పెట్టబోయాను.

"దిగకు," అన్నారు. "కాయ ఆడు కొడితే కొట్టనీ. ఈ కారైతే ఆడికి నేదు."

గుడి వైపు డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాయ కొట్టినట్టున్నారు. నాన్నగారు ఒళ్ళోని కాయను పక్కన సీటుమీద పెట్టి, మళ్ళీ హారన్ కొట్టమన్నారు.

కొట్టాను.