బావకి కిడ్నీ, నాకు మర్యాద

పెళ్ళి ఆల్బమ్‌లు అంత బరువుగా ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అట్ట తలుపుచెక్కంత ఉంటుంది. దాని మీద ముఖమల్ గుడ్డ, మధ్యలో ప్లాస్టిక్ గుండె. ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. చివరి పేజీకి వచ్చేసరికి ఆ దంపతుల మీద ఉన్న కాస్త అభిమానమూ పోతుంది. అలాంటి ఆల్బమ్ ఒకదాన్ని చంకలో పెట్టుకుని విజయవాడలో ఒక ఆస్పత్రి మూడంతస్తులు ఎక్కాను. లిఫ్టు ఉంది. అందులో స్ట్రెచర్ ఉంది.

అది మా అక్క పెళ్ళి ఆల్బమ్. బావకి నేను కిడ్నీ ఇవ్వాలంటే అది కావలసి వచ్చింది.

బావకి ఆటోనగర్‌లో లారీలకు కమాన్లు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, బిగించే షెడ్డు ఉంది. రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడు రోజులు డయాలసిస్ మీద బతుకుతున్నాడు. అక్కకి షుగర్ కాబట్టి డాక్టర్లు ఆమెను వద్దన్నారు. బావ తమ్ముడి బ్లడ్ గ్రూపు కుదరలేదు. నాది కుదిరింది. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, పెళ్ళి కాలేదు, కాబట్టి అభ్యంతరం చెప్పే హక్కున్నవాళ్ళు ఎవరూ లేరు. స్పేర్ పార్టు జోకు ఆటోనగర్‌లో ప్రతి షెడ్డువాడూ వేశాడు కనక నేను వేయను.

బావ బతకాలని అందరూ కోరుకున్నారు. నేనూ కోరుకున్నాను. నాకు ఇంకొకటి కూడా కావాలి: ఆ తరవాత కూడా బావ నన్ను మునుపటిలాగే తిడుతూ ఉండాలి. ఇరవై ఏళ్ళుగా మా మధ్య ఉన్నది అదొక్కటే. ప్రేమగా మాట్లాడుకోవడం మాకు చేతకాదు. ఆ అవసరమూ రాలేదు.

అవసరం ఇప్పుడు వచ్చింది. చట్టం దృష్టిలో బావమరిది దగ్గరి బంధువు కాడట. ఆప్యాయతతోనే ఇస్తున్నాడని ఒక కమిటీకి నమ్మకం కుదరాలి. ఫోటోలు, ఫోన్లో మెసేజీలు, ఏవి ఉంటే అవి చూపించాలి. ఆస్పత్రిలో ఈ కాగితాలు చూసే అమ్మాయి ఆల్బమ్ తెరిచింది. మొదటి ఫోటో దగ్గరే ఆగింది. చర్చిలో పాస్టరుగారు ఉంగరం కోసం చెయ్యి చాపి ఉన్నారు. నేను జేబులు తడుముకుంటున్నాను. బావ ముఖంలో రక్తం లేదు.

"ఉంగరం పోయిందాండీ?" అంది.

"లేదండీ. నా నోట్లో ఉంది."

ఆ తరవాత ఫోన్ చూసింది. రోజూ పొద్దున్నే నేను బావకి పంపే మెసేజీ: "ఇంకా ఉన్నావా?" ఆయన జవాబు: "నిన్ను పూడ్చాకే పోతా." నెలల తరబడి ఇదే. ఆ అమ్మాయి చాలాసేపు వేలితో పైకి తోస్తూ పోయింది.

"కొంచెం ఆప్యాయంగా ఉన్నవి ఏమన్నా ఉన్నాయాండీ?"

వెతికాం. ఒక హ్యాపీ క్రిస్మస్ దొరికింది. అది ఆయన ఆటోనగర్ మొత్తానికి పంపినది.

దాంతో కమిటీకి వెళ్ళేముందు ఆస్పత్రి క్యాంటీన్‌లో అక్క మా ఇద్దరికీ రిహార్సల్ పెట్టింది.

"టిఫిన్ చేశారా బామ్మర్దిగారూ?" అన్నాడు బావ.

"తమరి దయవల్ల చేశాను బావగారూ."

"దయ తీసెయ్‌రా. ఓవరవుతోంది," అంది అక్క.

బావకి నవ్వు ఆగలేదు. సూదులతో ఉబ్బిపోయిన చెయ్యి బల్ల మీద అదురుతోంది. "నీ మొహానికి గారొకటి తక్కువైందిరా వెధవా," అన్నాడు. ఆయన నన్ను తిట్టడం అదే ఆఖరని తెలిస్తే ఎక్కడైనా రాసిపెట్టుకునేవాణ్ణి.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, ఒక కెమెరా. ఎందుకు ఇస్తున్నారని నన్ను అడిగారు. నాలుక మీదికి నాలుగు జోకులొచ్చాయి. అక్కకి మాటిచ్చాను కాబట్టి మింగేసి, "మా బావండీ," అన్నాను. పెద్ద డాక్టరమ్మగారు బావ వైపు తిరిగారు.

"కిడ్నీ ఇమ్మని మీరు ఈయన్ని అడిగారా?"

అప్పజెప్పాల్సిన పాఠం బావ మరిచిపోయాడు. "లేదండీ. అడిగే మొహం నాకెక్కడిది? ఆయనే ఇస్తానన్నారు."

ఆయన. అన్నారు. నేను తలతిప్పి చూశాను. బావ నటించడం లేదు. అనుమతి వచ్చింది.

ఆపరేషన్ రోజు ట్రాలీ మీద వెళ్తుంటే పైకప్పు దీపాలు ఒకదాని వెనక ఒకటి పడవల్లా వెనక్కి పోయాయి. తరవాత నిజంగానే కాలవ వచ్చింది. చల్లపల్లి దారిలో రోడ్డు పక్కనే వచ్చే కాలవ. నీళ్ళ మీద ఒక లారీ వస్తోంది, చప్పుడు లేకుండా, చక్రాలు తడవకుండా. తోలుతున్నది బావ. గట్టు మీద నిలబడి చెయ్యెత్తాను. ఆయన ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి గాని మాట అందలేదు. తిట్టే అయి ఉంటుందని నవ్వుకున్నాను. లారీ వరిచేల మీద మంచులోకి, మెల్లగా, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచేసరికి గొంతు ఎండిపోయింది. కుడి భుజం లాగేస్తోంది.

"పొట్ట కోస్తే భుజం నొప్పేంటి సిస్టర్?"

"లోపల గ్యాస్ నింపుతారండీ. అది పైకి తంతది. లేచి నడిస్తే పోద్ది."

ఎడమ కిడ్నీ తీశారు. మూడు చిన్న చిల్లులు, పొత్తికడుపు మీద బెత్తెడు కోత. లోపల ఎక్కడో ఖాళీగా అనిపిస్తుందని ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. కాస్త చిన్నతనంగా ఉంది.

సాయంత్రం అక్క వచ్చి, "నీళ్ళొచ్చాయిరా," అంది. బ్యారేజీ నుంచి కాలవలకు వదిలినప్పుడు మా నాన్న చెప్పే గొంతే. బావకి మూత్రం వచ్చిందని అర్థం. ఆ రోజు చుట్టాలందరికీ అదే కబురు. మైలవరంలో ఒక పెద్దాయన రంగెలా ఉందని కూడా అడిగాడట. మగతలో పడుకుని ఆ ఫోన్లన్నీ వింటూ ఉంటే, ఊరూరా తూములు తెరుచుకుంటున్నట్టు, చేలన్నీ తడుస్తున్నట్టు అనిపించింది.

బావ ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక చర్చివాళ్ళని పిలిచి కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. బావ మాస్కు వేసుకుని సాక్ష్యం చెప్పాడు. ముందు దేవుడికి వందనాలు, వెంటనే నాకు. మధ్యలో ఇంకెవరూ లేరు. ఆ వరసలో నాకు ఊపిరాడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. గేటు చప్పుడైతే చాలు, బావ కుర్చీలోంచి లేచేవాడు. చేపల పులుసులో తలకాయ ముక్క ఇరవై ఏళ్ళు కొట్లాడి తిన్న మనిషి, గరిటెతో దాన్ని నా కంచంలో వేసి తాను చారన్నం కలుపుకునేవాడు. పొద్దున నేను "ఇంకా ఉన్నావా?" అని పంపితే, "మీ దయవల్ల ఉన్నానండీ," అని వచ్చేది.

మొన్న ఆదివారం నేను పట్టుదలగా కూర్చున్నాను.

"బావా, మొహం గుమ్మడికాయలా ఊరింది."

"మందుల వల్లండీ."

"నీ షెడ్డులో పని మునుపే బాగుండేది కాదు. ఇప్పుడు మరీ దరిద్రంగా ఉందట."

"కుర్రాళ్ళకి చెప్పాలండీ."

"ఒక్కసారి తిట్టు బావా. చిన్నదైనా పరవాలేదు."

ఆయన చేతిలోని మాత్రల డబ్బాకి మూత పెట్టాడు. వీధిలో ఎవరో లారీని వెనక్కి తీయిస్తున్నారు, "రానీ, రానీ," అంటూ. ఆ లారీ ఆగాక, నా వైపు చూడకుండా అన్నాడు:

"ఏమనుకోవద్దండీ. మీరొచ్చినప్పుడల్లా నాకు లేచి నిలబడాలనిపిస్తుంది. నా ఇంట్లో నేను కూర్చోవాలి. కాస్త తక్కువగా రండి."