గడువు లేని పత్యం

ముందుగా నాకు తప్పిపోయింది ముడి.

సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో మా ఇంటి పక్కనే మల్లేశం షెడ్డు ఉంది. అందులో మరమగ్గాలు. మేము వాటిని సాంచెలంటాం. నేను బతికిందంతా సాంచెల మీదే. పని మానుకున్నాక కూడా పొద్దున పూట అక్కడ కూర్చుని తెగిన పోగులు అతికేవాణ్ణి. ఆ రోజు తెగిన పోగు కొసలు రెండూ వేళ్ల మధ్యే ఉన్నాయి. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. మరిచిపోవడం కాదది. మరిచిపోతే, మరిచిపోయానని తెలుస్తుంది. ఈ దారాలు నా చేతికి ఎందుకు వచ్చాయన్నదే నాకు అర్థం కాలేదు.

"ఏం కాకా, దారంతోని ముచ్చట వెట్టుకున్నవా?" అన్నాడు మల్లేశం. అందరూ నవ్వారు. ఎందుకో తెలియకుండా నేనూ నవ్వాను.

నేను బడికి పోలేదు. నూలు బస్తాల మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. ఏ ఏడు ఏ రంగు చీరలు నేశామో, ఏ వానకు ఎవరి గోడ కూలిందో ఇప్పటికీ చెబుతాను. వాడకట్టులో పేచీ వస్తే నన్నే అడుగుతారు. అలాంటివాడికి ముడి తెలియలేదంటే ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెప్పలేదు.

అంతకుముందు వానాకాలంలో బీపీ ఎక్కువుందని ఒక డాక్టరు గోలీ రాశాడు. "ఉప్పు తగ్గించు పెద్దాయనా, నీళ్లు బాగా తాగు" అన్నాడు. అంతే, ఇంకో మనిషిని పిలిచాడు. మా ఇళ్లలో రోగమొస్తే తినే తిండికి ఒకటే పేరు, పత్యం. ఉప్పు, పులుపు, కారం మూడూ బంద్. నా భార్య రాజవ్వ ఆ మాటను అలాగే విన్నది, నేనూ అలాగే విన్నాను. చప్పిడి జావ, పల్చటి చల్ల, ఉప్పు లేని అన్నం. చప్పిడి పప్పు గొంతు దిగదు కాబట్టి పప్పు కూడా పోయింది. పైన బిందెలకొద్దీ నీళ్లు. బీపీ దిగింది. డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

ముడి తప్పిన తర్వాత నడిస్తే తూలడం, తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలయ్యాయి. మళ్లీ అదే డాక్టరు దగ్గరికి పోతే, "వయసైంది కదా, మతిమరుపు మొదలైంది" అని ఇంకో గోలీ రాశాడు. రక్తం చూడలేదు. ఏం తింటున్నావని అడగలేదు. వయసు ఒక రోగం పేరా? అది వచ్చేది మెల్లగా కదా, సాంచె బెల్టు తెగినట్టు తెగుతుందా?

కోరుట్ల నుంచి మా బిడ్డ లత వచ్చి ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయింది. అక్కడ పక్క అర్రలో పడుకుని వాళ్ల మాటలు విన్నాను.

"అవ్వా, బాపును ఇగ ఒక్కణ్ణి బయటికి పంపకు. సాంచెల దిక్కు అస్సలే పోనియ్యకు."

"గాయినకు మతి పోతే నేనేం జేద్దునే బిడ్డా? నాకేది యాదికి రాకున్నా గాయిననే అడుగుత."

లేచి పోయి, నాకు మతి బాగానే ఉందని చెబుదామనుకున్నాను. తలుపు ఎటు ఉందో తెలియలేదు.

తెల్లారి ఫిట్స్ వచ్చి పడిపోయానట. జగిత్యాల ఆసుపత్రికి తెచ్చారు. "తాతా, ఇది ఏ ఊరు?" అని డాక్టరు మేడం అడిగితే "సిరిసిల్ల" అన్నానట. ఇప్పుడు ఏ కాలమంటే "బీము అయిపోవచ్చింది" అన్నానట, సాంచెకు పడుగు చుట్టి ఎక్కించే బీము. తల మీద తిరిగే ఫ్యాను నాకు సాంచెలాగే వినిపించింది, అంతవరకు గుర్తుంది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. రక్తపరీక్షలో దొరికింది.

"సోడియం బాగా పడిపోయింది" అన్నది మేడం.

"సోడానా మేడం? గాయిన సోడా ఎన్నడు తాగలే" అన్నది రాజవ్వ.

"సోడా కాదమ్మా, ఉప్పు. ఇంట్లో ఏం పెడుతున్నరు?"

"పత్యం."

"ఎప్పటి నుంచి?"

"వానకాలం సంది."

"ఎవరు పెట్టమన్నరు?"

"మీ డాక్టర్లే!"

మేడం గోలీల చీటీ చూసింది. ఆ బీపీ గోలీ ఒంట్లో ఉప్పును మూత్రంలో పంపేస్తుందట. కొందరు ముసలివాళ్లలో సోడియాన్ని మరీ దించేస్తుందట. దానికి తోడు తిండి లేదు, నీళ్లేమో బిందెలు. ఉన్న ఆ కాస్తా పల్చబడిందన్నది.

నరానికి ఉప్పునీళ్లు ఎక్కించారు. ఒకరేమో ఉప్పు వద్దంటారు, ఒకరేమో సూదితో ఎక్కిస్తారు! అదంతా ఒక్కసారే పెట్టరాదా అని లత అడిగితే, "జల్ది పెంచితే మెదడు దెబ్బతింటుంది, మెల్లగానే" అన్నది మేడం. మాటిమాటికీ రక్తం తీశారు. ఒక పొద్దున కళ్లు తెరిస్తే ఫ్యాను ఫ్యానే అయింది. లతను పేరుపెట్టి పిలిచాను. అది ఏడ్చింది.

బతికి ఇంటికి వచ్చానా, రాజవ్వ మామిడి తొక్కు జాడీ నా ముందర పెట్టింది. ఉప్పు లేకనే కదా ప్రాణం పోబోయింది! కాళ్లు వాచాయి, బీపీ మళ్లీ ఎక్కింది. మేడం కోప్పడింది. "తగ్గించమంటే బంద్ పెడతరు, తినమంటే జాడీ తెరుస్తరు!"

"నడుమ ఏమున్నదో ఎవ్వలన్న చెప్పిండ్రా మేడం?" అన్నది రాజవ్వ. నా భార్య అంత గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుని అప్పుడు చెప్పింది. గోలీ మార్చింది. కూరలో కొంచెం ఉప్పు, తొక్కు అప్పడాలు వద్దు, పప్పో గుడ్డో రోజూ తినాలి, నీళ్లు దూపైతేనే, దాహం తీరేంతే, పిలిచినప్పుడల్లా రక్తపరీక్ష.

తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. మా అవ్వ పత్యం పెడితే విడిచే రోజు ముందే చెప్పేది. ఆ రోజు వేడన్నంలో ఎల్లిగడ్డ కారం కలిపి పెట్టేది. పత్యం పెట్టినవాళ్లే విడిపించాలన్నది మా లెక్క. డాక్టరుకు పత్యమన్న మాటే తెలియదు. మాకు గడువు అడగాలని తెలియదు.

మొన్న మల్లేశం షెడ్డుకు పోయాను. "కాకా, ఊకె కూసో. పోగు ముట్టకు" అన్నాడు, మెల్లగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే నయమనిపించింది. పోగు తెగింది. కొసలు అందుకున్నాను. వేళ్లు నన్ను అడగకుండానే ముడి వేశాయి. మల్లేశం దాన్ని లాగి చూసి సాంచె నడిపించాడు.

చదివేవాళ్లకు చెప్పేది ఒకటే. డాక్టరు ఏ తిండి తగ్గించమన్నా అక్కడినుంచి లేవకండి. ఎంత తినాలి, ఎప్పటిదాకా, మళ్లీ రక్తం ఎప్పుడు చూస్తారు అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పత్యం పెట్టిన నోటితోనే విడిచే రోజు కూడా చెప్పించుకుని రండి.