అర్జీ పైన ఉండవలసిన పేరు

మాది తమిళనాడు, ఇక్కడ అర్జీ తమిళంలోనే రాయాలి. ఎడమ పక్క పైన పంపేవారి పేరు, దాని కింద అందుకొనేవారి పేరు ఉండాలి. పాపిరెడ్డిపట్టి తాలూకా ఆఫీసు ముందు బల్ల వేసుకొని ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మావాళ్లు తెలుగులో చెప్పింది తమిళంలో రాసిపెడతాను. అలాంటి నేను ఒక అర్జీలో పంపేవారి పేరు తప్పు రాశాను. పొరపాటున కాదు.

బడుల సంగతి, పని చోట్ల సంగతి విచారించడానికి శాసనసభ కమిటీ మా జిల్లా కేంద్రం ధర్మపురికి వస్తోందని తెలిసింది. కట్టడం పనికి వెళ్లే మా మరదలు ఆ పొద్దున మా వాకిట్లో నిలబడి చెప్పింది.

"రాసుకో బావా. మమ్మల్ని ఏడుకే వ్యానెక్కించుకొని పోతారు. బడి తెరిచేది తొమ్మిదికి. ఆ రెండు గంటలు బిడ్డ ఎక్కడుండాల? బడన్నా ముందే తెరవమను, లేకుంటే పనన్నా లేటుగా పెట్టమను. తొమ్మిదికి కలిపితే సిమెంటేమన్నా అలిగి పోతుందా?"

వ్యాన్ హారన్ మోగింది. సంతకం పెట్టకుండానే పరుగెత్తింది. సాయంత్రం దాకా ఆగి ఉండవచ్చు. ఆగలేదు. పైన నా పేరు రాసి, కింద నేనే సంతకం పెట్టాను.

కమిటీలో ఆ అర్జీ చదివారు. బడి వేళే మార్చాలని ఒక సభ్యుడన్నాడు. పంతుళ్లకు మాత్రం పిల్లలు లేరా, మార్చాల్సింది మేస్త్రీల వేళ అని ఒక సభ్యురాలు లేచింది. ఎండ ముదిరితే పని సాగదని ఇంకొకాయన అడ్డుపడ్డాడు. సిమెంటు మాటకు మాత్రం ముగ్గురూ కలిసి నవ్వారు. ఇది ఎవరి ఆలోచన అని అధ్యక్షుడు అడిగాడు. నాదేనని లేచి నిలబడ్డాను. శాలువా కప్పి, కూలివాళ్ల తరఫున మాట్లాడే కుర్చీ నాకే ఇచ్చారు.

"శాలువా బాగుండాది బావా," అంది మరదలు. "సిమెంటు నాది, శాలువా నీది."

నవ్వుతూనే అంది. నేను శాలువా తీసి మడిచి పెట్టాను.

కమిటీ మళ్లీ వచ్చినప్పుడు మరదలు పని మానుకొని వచ్చి నా వెనక వరసలో కూర్చుంది. ఆ రెండు గంటలు ఇప్పుడు పిల్లలను ఎవరు చూస్తున్నారని సభ్యురాలు నన్ను అడిగింది. నాకు తెలియదు. మంచినీళ్లు తాగాను. మళ్లీ తాగాను.

"బిందెడు తాగినా జవాబు రాదు బావా," అని వెనక నుంచి తెలుగులో గుసగుస. "జరుగు, నేను చెప్తా."

అప్పుడు ఒప్పుకున్నాను, ఆ అర్జీలో ప్రతి మాటా ఆమెదేనని. కుర్చీ ఖాళీ చేశాను. మరదలు కూర్చోలేదు, నిలబడే తమిళంలో చెప్పింది. వ్యాన్ ఆగే చోట టీ కొట్టు అవ్వ ఉంది, ఆమె బెంచీ మీదే ఏడుగురు పిల్లలు కూర్చుంటారు, అవ్వకు జ్వరమొస్తే ఏడుగురు తల్లులకూ ఆ దినం పని పోతుంది అని. ఈసారి ఎవరూ నవ్వలేదు. బడిలో ఒక గది ఏడుకే తెరిచి, అవ్వలాంటి మనిషిని పెట్టాలన్న సంగతి మీద గంటసేపు మాట్లాడి, రాసుకున్నారు.

అయితే మొదటి సమావేశం రికార్డులో ఇంకా నా పేరే ఉంది. దిద్దాలంటే అర్జీ పెట్టాలన్నారు. ఆ సాయంత్రమే రాశాను.

"చదివి వినిపించు," అంది మరదలు. "నిన్ను నమ్మేదెట్ల?"

చదివాను. కలం లాక్కొని, పైన ఎడమ పక్క తన పేరు తనే రాసింది. సంతకమూ పెట్టింది. తరువాత కింద మూలన ఖాళీ చూపించి అదేమిటని అడిగింది. అర్జీ రాసిపెట్టినవాడి పేరుకని చెప్పాను.

"పెట్టుకో బావా," అంది. "నీ అక్షరాలు గుండ్రంగా ఉండాయి."